ఓడమీద మొదలైన లెక్క – ఆచార్య చంద్రశేఖర్ జీవిత కథ

ఈ యేడు మనం ఆహ్వానిస్తున్న సంవత్సరాదికి పరాభవ అని పేరు. అరవై ఏండ్ల చక్రంలో అదొక పేరే గాని, దానికి భయపడవలసినది ఏమీ లేదని పంచాంగ శ్రవణం చేసే పెద్దలే చెబుతారు. అయినా సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మన సంఘంవారు అడిగినప్పుడు, ఆ పేరు వల్లనే నా మనసులో మెదిలినవారు ఆచార్య సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఇరవైనాలుగేళ్ళ వయసులో, పరాయి దేశంలో, పండితుల నిండు సభలో ఆయన లెక్కను ఒక మహా విద్వాంసుడు ఎగతాళి చేశాడు. సభ నవ్వింది. ఆ లెక్క చూపిన దారి చివర ఉన్నది నిజమా, కేవలం కాగితం మీది ఊహా అన్నది తేల్చే సాక్ష్యం చంద్రశేఖర్ గారు పోయిన ఇరవై ఏండ్లకు ఆకాశం నుండి వచ్చింది. నేను మెట్రిక్‌తో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. శాస్త్రం నాకు అర్థమైనంత మేరకే, మన ఇళ్ళలో పిల్లలకూ పెద్దలకూ కూడా అందేటట్టు చెబుతాను.

మన సంఘంలో విశాఖపట్నం వారికి ఏ.వి.యన్. కళాశాల సంగతి చెప్పనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరలో తంజావూరు సీమ నుండి వచ్చి ఆ కళాశాలలో గణితమూ భౌతికశాస్త్రమూ బోధించిన అయ్యరుగారు ఒకరుండేవారు. ఆయన పేరూ చంద్రశేఖరే. ఆయన పెద్ద కొడుకు సుబ్రహ్మణ్య అయ్యర్. రెండవ కొడుకు వెంకటరామన్, అంటే మన బెంగుళూరు వారందరికీ తెలిసిన సర్ సి.వి. రామన్. ఆ రామన్ గారు విశాఖలోనే చదివి పదకొండవ యేట మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. నేను ఏ వయసులో గట్టెక్కానో ఇక్కడ ప్రస్తావించను. పెద్దాయన సుబ్రహ్మణ్య అయ్యర్ గారు ప్రభుత్వపు ఆడిట్, లెక్కల శాఖలో చేరి రైల్వే ఆడిట్‌లో పెద్ద అధికారి అయ్యారు. ఆడిట్‌వారు వస్తున్నారంటే మా ఆఫీసులో బీరువాల తలుపులన్నీ వాటంతట అవే తెరుచుకుంటాయి కాబట్టి ఆ పదవి ఎంతటిదో నాకు తెలుసు. ఆ రైల్వే లెక్కల అధికారిగారి పెద్ద కొడుకే మన కథానాయకుడు. తాతగారి పేరు పెట్టారు. తండ్రి నార్త్ వెస్టర్న్ రైల్వేలో పని చేస్తుండగా 1910 అక్టోబరు 19వ తేదీన లాహోరులో పుట్టారు. నలుగురు మగపిల్లలు, ఆరుగురు ఆడపిల్లలు ఉన్న ఇల్లు అది. బదిలీల మీద లక్నో వెళ్ళి, 1918లో మద్రాసు చేరారు. బదిలీ ఉద్యోగాల కుటుంబాలకు ఆ తిరుగుడు ఎలా ఉంటుందో మనలో చాలామందికి అనుభవమే.

తండ్రి దగ్గర లెక్కలే కాదు, సంగీతమూ ఉంది. వాయులీనం వాయించేవారు, కర్ణాటక సంగీతం మీద గ్రంథాలు వ్రాశారు. తల్లి సీతాలక్ష్మమ్మగారు పెద్ద చదువులు చదివినది కాదు గాని, స్వయంకృషితో ఇంగ్లీషు నేర్చుకొని, ఇబ్సెన్ వ్రాసిన బొమ్మరిల్లు నాటకాన్ని అరవంలోకి తెచ్చింది. పది మంది పిల్లల సంసారంలో ఆ పనికి తీరిక ఎక్కడ చిక్కిందో ఆ తల్లికే తెలియాలి. 1920లో గణితవేత్త శ్రీనివాస రామానుజన్ చనిపోయిన వార్త పత్రికలో చూసి, తొమ్మిదేళ్ళ కొడుకుకు చదివి చెప్పింది కూడా ఆమెయే. రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉండి కేంబ్రిడ్జి వెళ్ళినవాడు. ఆ పేరు పిల్లవాని మనసులో నాటుకుపోయింది.

పన్నెండేళ్ళ దాకా ఇంటిలోనే చదువు. తరువాత తిరువల్లికేణి హిందూ హైస్కూలు; 1925 నుండి ప్రెసిడెన్సీ కళాశాల. కొడుకు ఐ.సి.ఎస్. పరీక్షకు కూర్చోవాలని తండ్రి కోరిక. ఆ కాలపు తండ్రులలో అది కోరనివారెవరు? తల్లి మాత్రం కొడుకు వైపు నిలిచింది. 1928లో జర్మను శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చి కళాశాలలో మాట్లాడాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు మరునాడు ఆయన బసకు వెళ్ళి కలుసుకొన్నాడు. అంతవరకు తాను కంఠతా పట్టిన పరమాణు శాస్త్రం అప్పటికే పాతబడిపోయిందని అక్కడ తెలిసింది. ఇంకొకరైతే నీరుగారిపోయేవారు. ఈ పిల్లవాడు సోమర్‌ఫెల్డ్ ఇచ్చిన కొత్త వ్యాసపు ప్రూఫులు పట్టుకొని ఇంటికి వచ్చి, ఆ కొత్త పద్ధతిలో తానే ఒక వ్యాసం వ్రాసి లండను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించుకొన్నాడు. 1930లో ఆనర్సు ముగిసేసరికి ఇంగ్లండు వెళ్ళి చదవడానికి ప్రభుత్వపు విద్యార్థివేతనం వచ్చింది.

ఆ సమయానికి తల్లికి తీవ్రమైన జబ్బు. ఈ స్థితిలో పెద్ద కొడుకు సముద్రం దాటి పోవడమేమిటని బంధువులు అన్నారు. వెళ్ళవలసిందేనని పట్టుబట్టినది ఆ తల్లే. ఈ కొడుకు తన ఒక్కదాని కోసం పుట్టలేదు, లోకం కోసం పుట్టాడు అన్న అర్థంలో ఆమె మాట్లాడిందని చెబుతారు. 1930 జులై 31వ తేదీన బొంబాయిలో ఓడ ఎక్కారు. మరుసటి ఏడు మే నెలలో, ఆయన కేంబ్రిడ్జిలో ఉండగానే, తల్లి కన్నుమూసింది. కడసారి చూపు దక్కలేదు. ఊరు విడిచి వచ్చిన మనవంటి వారికి ఈ భాగం మీద నేనేమీ వ్యాఖ్య చేయనక్కరలేదు.

ఇప్పుడు ఓడలోని సంగతి. వర్షాకాలపు అరేబియా సముద్రం మొదటి రోజులలో ఓడను అల్లాడించింది. తరువాత నీరు నెమ్మదించాక, పైతట్టున కుర్చీలో కూర్చుని చంద్రశేఖర్ ఒక లెక్క ఎత్తుకొన్నారు. మనం లుబ్ధకమనే సిరియస్ నక్షత్రం పక్కన ఒక చిన్న తెల్లని చుక్క ఉంది. అది వయసుడిగిన నక్షత్రం. లోపల ఇంధనం అయిపోయి, కుదించుకొని, దాదాపు భూమి అంత పరిమాణంలో సూర్యుని అంత బరువుతో కూర్చుంది. వీటిని శ్వేత కుబ్జాలంటారు. ఆ పదార్థం ఒక అగ్గిపెట్టెడు తెస్తే ఒక గూడ్సు వ్యాగను నిండా మోయవలసినంత బరువుంటుంది. అంత బరువు తనమీద తాను పడుతూ ఉంటే ఆ నక్షత్రం ఇంకా ఎందుకు కూలిపోదు? లోపలి ఎలక్ట్రానులు ఒకదాని చోటును ఒకటి ఆక్రమించనీయక ఎదురు తన్నుతాయి, అందువల్ల నిలుస్తుంది అని కేంబ్రిడ్జిలోని ఫౌలర్ అప్పటికే చెప్పి ఉన్నాడు. చంద్రశేఖర్ అడిగిన ప్రశ్న మరొక మెట్టు ముందుది. నక్షత్రం బరువు పెరిగినకొద్దీ ఆ ఎలక్ట్రానులు ఇంకా ఇంకా వేగంగా కదలవలసి వస్తుంది. వేగం కాంతి వేగానికి చేరువైతే ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం లెక్క మార్చాలి కదా? మార్చి చూశారు. మారిస్తే ఎలక్ట్రానుల తన్ను బలహీనపడింది. ఒక హద్దు దాటిన బరువుకు అది చాలడం లేదు. ఆ హద్దు సూర్యుని బరువుకు 1.4 రెట్లకు కాస్త పైచిలుకని తరువాత స్థిరపడింది. అంతకు లోబడిన నక్షత్రం శ్వేత కుబ్జంగా ప్రశాంతంగా చల్లబడిపోతుంది. మన సూర్యుని గతి అదే. అంతకు మించినదైతే? కుంగుతుంది, ఇంకా కుంగుతుంది, ఎక్కడ ఆగుతుందో లెక్క చెప్పడం లేదు.

పందొమ్మిదేళ్ళ వాడు వేసిన లెక్క కాబట్టి ఎవరికీ పట్టలేదు. 1931లో అమెరికా పత్రికలో చిన్న వ్యాసంగా వచ్చింది. 1933లో డాక్టరు పట్టం, ఆ వెంటనే ట్రినిటీ కళాశాల ఫెలోషిప్ లభించాయి. రామానుజన్ తరువాత ఆ గౌరవం పొందిన భారతీయుడు ఈయనే. అప్పుడు పాత లెక్కను సందేహానికి తావు లేకుండా, అన్ని బరువులకూ కట్టి పూర్తి చేయాలని కూర్చున్నారు. ఆ నెలలలో ఆయన గదికి తరచుగా వచ్చి, పని ఎంతవరకు వచ్చిందో అడిగి తెలుసుకొంటూ ఉన్నవారు సర్ ఆర్థర్ ఎడ్డింగ్టన్. నక్షత్రాల లోపలి నిర్మాణం గురించి ఆనాడు లోకంలో ఆయనను మించినవారు లేరు. ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని 1919 గ్రహణంలో పరీక్షించి చూపినదీ ఆయనే. 1935 జనవరి 11న లండనులో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం. కుర్రవానికి మామూలుగా ఇచ్చే సమయానికి రెట్టింపు అరగంట ఇప్పించినది కూడా ఎడ్డింగ్టనే. అయితే తన తరువాత అదే విషయం మీద ఎడ్డింగ్టన్ మాట్లాడబోతున్నారని చంద్రశేఖర్‌కు కార్యక్రమం చేతికి వచ్చాకనే తెలిసింది.

చంద్రశేఖర్ తన ఫలితం చెప్పి కూర్చున్నారు. ఎడ్డింగ్టన్ లేచారు. ఈ లెక్క ప్రకారం పోతే పెద్ద నక్షత్రం కుంగి కుంగి చివరికి దాని నుండి వెలుతురు కూడా బయటికి రాలేని స్థితికి చేరుతుంది, అది అసంబద్ధం, నక్షత్రాన్ని అలా ప్రవర్తించకుండా ఆపే సూత్రం ప్రకృతిలో ఏదో ఉండి తీరాలి అని ఆయన వాదన. ఆయన మాట చమత్కారానికి పేరు పొందినది. సభ పగలబడి నవ్వింది. జవాబు చెప్పడానికి అధ్యక్షులు అవకాశం ఇవ్వలేదు. సభ అయ్యాక ఒక్కొక్కరే వచ్చి అయ్యో పాపమని జాలిపడి వెళ్ళారు. గమనించవలసినది ఏమంటే, ఎడ్డింగ్టన్ చెప్పిన ఆ అసంబద్ధపు వస్తువునే ఇప్పుడు మనం కృష్ణబిలం అంటున్నాం. అందరికన్నా ముందు దాని రూపురేఖలు స్పష్టంగా గ్రహించినవాడు ఆయనే. గ్రహించి, నమ్మలేక తోసివేశాడు.

నాకు ఎడ్డింగ్టన్ మీద అంత కోపం లేదు. ఆయన తాను నమ్మినది నలుగురిలో చెప్పాడు. నా మనసు నొచ్చుకొనేది మిగిలిన పెద్దల విషయంలో. నీల్స్ బోర్ చుట్టూ ఉన్నవారికీ, పౌలీ వంటి దిగ్గజాలకూ ఈ లెక్కలో తప్పు లేదని తెలుసు. చంద్రశేఖర్‌కు ఉత్తరాలలో, ముఖతా ఆ మాటే చెప్పారు. నలుగురి ఎదుట చెప్పండి అంటే మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. ఆఫీసులో పెద్దవారితో ఎందుకొచ్చిన గొడవ అని మనం ఊరుకొనే పద్ధతి అంతటి మహా పండితులకూ ఉందని తెలిసి నాకు ఒకరకమైన దిగులు కలిగింది.

చంద్రశేఖర్ పోట్లాడలేదు, పత్రికలకు ఎక్కలేదు. నాలుగేళ్ళు పని చేసి, నక్షత్ర నిర్మాణం గూర్చి తనకు తెలిసినదంతా 1939లో ఒక గ్రంథంగా వ్రాసి, ఆ విషయాన్ని మూసిపెట్టి మరొక దానికి వెళ్ళిపోయారు. జీవితమంతా అదే పద్ధతయింది. ఒక శాఖ ఎత్తుకోవడం, దాదాపు పదేళ్ళు దానిని మథించడం, పెద్ద పుస్తకం వ్రాయడం, దానిని వదిలి వేరే శాఖలో మళ్ళీ మొదటినుండి విద్యార్థిగా కూర్చోవడం. నక్షత్ర గమనాల మీద 1942లో, కాంతి ప్రసరణ మీద 1950లో, ద్రవాల స్థిరత్వం మీద 1961లో, తిరిగే గోళాల ఆకారాల మీద 1969లో అలా పుస్తకాలు వచ్చాయి. ఆ దెబ్బ తగలకపోతే ఈ పద్ధతి ఏర్పడేదా అని విమర్శకులు చర్చిస్తారు. ఎడ్డింగ్టన్‌తో స్నేహం మాత్రం తెగలేదు. 1982లో ఆయన శతజయంతికి ట్రినిటీ కళాశాలలో ప్రసంగించినది చంద్రశేఖరే. తన కాలపు ఖగోళ శాస్త్రజ్ఞులలో ఎడ్డింగ్టనే మేటి అని ఆ ప్రసంగాల సారం.

1936లో మద్రాసు వచ్చి, ప్రెసిడెన్సీ కళాశాలలో తనతో పాటు భౌతికశాస్త్రం చదివిన లలితా దొరైస్వామి గారిని పెండ్లాడారు. జాతకాలు, కట్నాలు ఏవీ లేని పెండ్లి. 1937 ఆరంభంలో దంపతులు అమెరికా చేరారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్కీస్ వేధశాల, విలియమ్స్ బే అనే చిన్న ఊరిలో ఉంది. మంచు కురిసే ఆ పల్లెలో మన దక్షిణాది దంపతులు పాతికేళ్ళకు పైగా కాపురం చేశారు. షికాగోలో తరగతి చెప్పడానికి ఈ నల్లని మనిషి తగడని అక్కడి అధికారి ఒకరు అడ్డుపడితే, విశ్వవిద్యాలయ అధ్యక్షులు హచిన్స్ ఆ అభ్యంతరాన్ని తోసివేయవలసి వచ్చింది. తరువాతి రోజులలో వారం వారం నూరు కిలోమీటర్లు దాటిన దూరం కారులో వెళ్ళి పాఠం చెప్పి వచ్చేవారు. ఒక ఏడు ఆ తరగతిలో చెప్పుకొనదగిన విద్యార్థులు ఇద్దరేనట, చైనా దేశపు లీ, యాంగ్. 1957లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. గురువుగారికి ఇంకా రాలేదు! 1952 నుండి 1971 వరకు అమెరికా ఖగోళ భౌతిక పత్రికకు సంపాదకత్వం కూడా ఆయనదే. ఆ పని గుమాస్తా పని వంటిదే. వ్యాసాలు రావాలి, పరీక్షకు పంపాలి, తిరిగి రప్పించాలి, అచ్చుకు ఇవ్వాలి, ఉత్తరాలకు జవాబులు వ్రాయాలి. పంతొమ్మిదేళ్ళు పొల్లు పోకుండా చేశారు.

1953లో దంపతులిద్దరూ అమెరికా పౌరసత్వం తీసుకొన్నారు. స్వరాజ్యం వచ్చి అప్పటికి ఆరేళ్ళే. మద్రాసులో ముసలి తండ్రికి అది చాలా కష్టమనిపించింది. పొట్ట చేతపట్టుకొని పోయినవానికీ, విద్య కోసం పోయినవానికీ ఇంటివారు వేసే ప్రశ్న ఒక్కటే – తిరిగి ఎప్పుడు వస్తావు? మన ప్రభుత్వం 1968లో పద్మవిభూషణ్ ఇచ్చి సత్కరించింది. ఆయన రాకపోకలు ఎన్నడూ మానలేదు. నివాసం మాత్రం అక్కడే.

ఇక మళ్ళీ ఆ కుంగిపోయే నక్షత్రం దగ్గరకు వద్దాం. ముప్పై ఏండ్లు ఎవరూ పట్టించుకోని ఆ ప్రశ్న 1960 తరువాత ఒక్కసారిగా లేచింది. 1963లో రాయ్ కెర్ అనే న్యూజీలండు గణితజ్ఞుడు, తిరిగే కృష్ణబిలానికి సరిపోయే సమీకరణాన్ని కనిపెట్టాడు. దాని ప్రకారం కృష్ణబిలం ఎంత బరువుంది, ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ రెండు అంకెలు చాలు. మరి గుణం, రంగు, ఆనవాలు ఏవీ ఉండవు. చంద్రశేఖర్ వయసు యాభై దాటింది. ఆ వయసులో ఆయన ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని విద్యార్థిలా తిరగవేసి, మొదట గురుత్వ తరంగాల మీద పడ్డారు. బరువైన వస్తువులు వేగంగా సుడులు తిరిగితే ఆకాశమే అలలుగా కదులుతుంది, ఆ అలలు కాంతి వేగంతో పోతాయి అని ఐన్‌స్టైన్ 1916లో చెప్పాడు. అలలు పంపుతున్న వస్తువు తన శక్తిని ఎలా కోల్పోతుందో చంద్రశేఖర్ లెక్క కట్టారు. వేగంగా తిరిగే నక్షత్రాన్ని ఆ అలలే అస్థిరం చేయగలవని 1970లో చూపించారు.

ఇక్కడ మన బెంగుళూరు బిడ్డ ఒకరు కథలోకి వస్తారు. కన్నడ రచయిత సి.కె. వెంకటరామయ్యగారి కుమారుడు సి.వి. విశ్వేశ్వర, 1938లో ఈ ఊరిలోనే పుట్టి, అమెరికాలోని మేరీలాండులో చదువుకొన్నారు. కృష్ణబిలాన్ని దేనితోనైనా తాకితే ఏమవుతుంది అని అడిగి, అది గంటలా మోగి ఆగిపోతుంది అని 1970లో కనిపెట్టారు. ఇది అర్థం కావడానికి మా రైల్వే సంగతి ఒకటి చెబుతాను. వెనుకటి రోజులలో బండి పెద్ద స్టేషనులో ఆగగానే క్యారేజీ శాఖ మనిషి పొడుగాటి పిడి ఉన్న సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టుకుంటూ పోయేవాడు. కంగుమని మోగితే చక్రం గట్టిది. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగులుంది. చక్రాన్ని విప్పి చూడనక్కరలేదు, స్వరమే చెబుతుంది. కృష్ణబిలాన్ని ఎవరూ విప్పి చూడలేరు. లోపలి నుండి వెలుతురు కూడా రాదు. దాని స్వరం మాత్రం అలలుగా బయటికి వస్తుంది. ఏ బరువుకు, ఏ తిరుగుడుకు ఏ స్వరం పలకాలో ఐన్‌స్టైన్ సిద్ధాంతమే కచ్చితంగా చెబుతుంది. పలికినది వేరే స్వరమైతే, అది కృష్ణబిలం కాకపోవాలి, లేదా సిద్ధాంతంలోనే పగులు ఉండాలి.

ఆ స్వరాల అంకెలను లెక్క కట్టడానికి పూనుకొన్నవారిలో చంద్రశేఖర్ ఒకరు. స్టీవెన్ డెట్‌వైలర్ అనే యువకునితో కలిసి 1975లో తిరగని కృష్ణబిలపు స్వరాలను లెక్కించి ప్రకటించారు. కృష్ణబిలాన్ని కదిలించే విధాలు రెండు రకాలుగా ఉంటాయి. వాటి సమీకరణాలు పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. ఎటునుంచి కొట్టినా పలికే స్వరాలు ఒకటేనని చంద్రశేఖర్ తేల్చారు. వాయులీనం వాయించే తండ్రి ఇంట పుట్టిన మనిషికి ఆ పొందిక దొరికినప్పుడు ఎంత ఆనందం కలిగిందో ఊహించుకోవలసిందే. ఆ దశాబ్దంలోనే గుండెపోటు వచ్చింది, 1977లో గుండెకు శస్త్రచికిత్స జరిగింది, లెక్కలు ఆగలేదు. 1983లో కృష్ణబిలాల గణితం మీద ఆరువందల పుటలు దాటిన గ్రంథం వెలువడింది. అందులో కొన్ని మెట్లను పుస్తకంలో వేయడానికి చోటు చాలక, ఆరువందల పెద్ద కాగితాల లెక్కనూ ఆరు నోటు పుస్తకాలనూ షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దాఖలు చేశారు, అనుమానమున్నవారు చూసుకోవచ్చునని. ఆడిట్ అధికారి కొడుకు అనిపించుకొన్నారు! మా ఆఫీసు ఫైళ్ళలో ఇంత శుభ్రంగా వోచర్లు పెట్టినవారిని నేను చూడలేదు.

ఆ ఏడే నోబెల్ బహుమానం వచ్చింది, మరొక ఫౌలర్‌తో, విలియం ఫౌలర్‌తో, సగం సగంగా. ఓడమీది లెక్కకు ఇది యాభైమూడేళ్ళ తరువాత. తన జీవితకాలపు కృషిని వదిలి పందొమ్మిదేళ్ళ నాటి పనినే ముఖ్యంగా పేర్కొన్నారని ఆయన కొంత నొచ్చుకొన్నారంటారు. నొచ్చుకోవడంలో న్యాయముంది. చివరి రోజులలో న్యూటన్ మహాగ్రంథాన్ని సామాన్య పాఠకునికి విప్పి చెప్పే పుస్తకం ముగించి, 1995 ఆగస్టు 21న షికాగోలో, ఎనభైనాలుగవ ఏట, గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి గురుత్వ తరంగాన్ని నేరుగా పట్టుకొన్నవారు భూమి మీద ఎవరూ లేరు. లలితమ్మగారు నూటరెండేళ్ళు బ్రతికి 2013లో పోయారు. ఆమెకు కూడా ఆ వార్త వినే యోగం లేకపోయింది.

ఆ వార్త 2015 సెప్టెంబరు 14న వచ్చింది, 2016 ఫిబ్రవరి 11న లోకానికి ప్రకటించారు. అమెరికాలో లైగో అనే పరికరాలు రెండు ఉన్నాయి. ఒక్కొక్కదానికి నాలుగు కిలోమీటర్ల చేతులు రెండు, వాటిలో లేజరు కాంతి అటూ ఇటూ పరుగెత్తుతూ ఉంటుంది. నూట ముప్పై కోట్ల కాంతి సంవత్సరాల దూరాన సూర్యునికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు ఢీకొని ఒకటైనాయి. మిగిలినది 62, తగ్గిన మూడు సూర్యుల బరువూ అలలుగా పోయింది. ఆ అల ఇక్కడికి చేరేసరికి నాలుగు కిలోమీటర్ల చేయి ఒక పరమాణు కేంద్రకం కన్నా ఎంతో తక్కువ మేర సాగి ముడుచుకొంది. అయినా చిక్కింది. కలిసిన వెంటనే సెకనుకు సుమారు 250 కదలికల స్వరం, హార్మోనియం నడిమి స్థాయిలో వినిపించేటటువంటిది, సెకనులో కొన్ని వేయవ వంతులు మోగి అణిగిపోయింది. మన విశ్వేశ్వరగారు అప్పటికి బెంగుళూరులోనే ఉన్నారు. ఇక్కడి నెహ్రూ ప్లానిటేరియాన్ని 1989లో తీర్చిదిద్ది నిలబెట్టినవారు ఆయనే. తన గంట మోగిందన్న మాట చెవిన వేసుకొని, 2017 జనవరిలో పోయారు.

మొదటి దానిలో గంట మోత చాలా సన్నగా వినబడింది. గట్టి పరీక్షకు ఇంకా పదేళ్ళు ఆగవలసి వచ్చింది. 2025 జనవరి 14, అంటే మనకు సంక్రాంతి. మనం ఇళ్ళలో పండుగ భోజనాలు ముగిస్తున్న వేళ, మన గడియారాల ప్రకారం మధ్యాహ్నం రెండు కాబోతుండగా, అంతవరకు విన్నవాటన్నిటికన్నా స్పష్టమైన అల ఒకటి లైగోను తాకింది. ఈసారి మోతలో ఒకటి కాదు, రెండు స్వరాలు విడివిడిగా గుర్తు పట్టగలిగారు. ఒక స్వరాన్ని బట్టి బరువూ తిరుగుడూ లెక్క కట్టి, రెండవది ఏమి పలకాలో చూసుకొన్నారు. కెర్ సమీకరణంతో సరిపోయింది. రెండవ స్వరం కొలత మొదటి దాని అంత సన్నం కాదు, ఇంకా బలపడాలి. కానీ పగులు ధ్వని ఏదీ వినబడలేదు. దానితోపాటు స్టీఫెన్ హాకింగ్ 1971లో చెప్పిన మాట ఒకటి తూకానికి వచ్చింది. రెండు కృష్ణబిలాలు కలిస్తే కొత్తదాని ఉపరితలం ఆ రెండింటి మొత్తానికన్నా తగ్గకూడదని ఆయన సూత్రం. ఢీకొనక ముందు రెండింటి వైశాల్యం కలిపి సుమారు 2 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన దానికన్నా కాస్త తక్కువ. కలిసిన తరువాత దాదాపు 4 లక్షలు, తమిళనాడును కూడా కలిపి కొలిచినంత. సెప్టెంబరులో ఈ ఫలితాలు అచ్చయినాయి.

మన దేశంలో కూడా లైగో కడుతున్నారు. మహారాష్ట్రలో హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ దగ్గర. ఒకప్పుడు నైజాం రాజ్యంలోని సీమ అది. జ్యోతిర్లింగ దర్శనానికి వెళ్ళే మనవారికి ఆ ఊరు తెలిసినదే. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 2,600 కోట్ల రూపాయల ఖర్చుకు ఆమోదం ఇచ్చింది. అది పని ప్రారంభిస్తే ఏ అల ఆకాశంలో ఏ మూల నుండి వచ్చిందో ఇప్పటికన్నా బాగా గుర్తు పట్టవచ్చు, ఇంకా సన్నని స్వరాలను వినవచ్చు.

చంద్రశేఖర్ గారి పేరు చూడదలచినవారు అంతదూరం పోనక్కరలేదు. లడఖ్‌లో హాన్లే అనే చోట సముద్రమట్టానికి నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఒక దూరదర్శిని ఉంది, దాని అద్దం రెండు మీటర్ల వెడల్పు. దానికి హిమాలయన్ చంద్ర టెలిస్కోపు అని ఆయన పేరే పెట్టారు. చలికి మనుషులు నిలవలేని ఆ కొండమీది దూరదర్శినిని రాత్రివేళ తిప్పేవారు ఇక్కడే, బెంగుళూరు పక్కన హోసకోటలో కూర్చుని, ఉపగ్రహం ద్వారా తిప్పుతారు. మనం తిరుపతికో చిత్తూరుకో రాత్రి బస్సులో పోతూ హోసకోట దాటే వేళకు వారి పని మొదలై ఉంటుంది.